గాలమునకు జరీపోగు

స్కాట్లండున ట్వీడ్, స్పే నదుల యొడ్డునను, దక్షిణ ఇంగ్లండున సుద్దనేలలనుండి యూరి పాఱు టెస్ట్, ఇచెన్ వంటి తేటనీటి యేఱుల గట్టులమీదను తరతరములుగా ఈగ గాలముతో ట్రౌట్, సాల్మన్ చేపలను పట్టు వేడుకకాండ్ర పెట్టెలను తెఱచి చూచినవారికి మొదట కనబడునవి కోడిమెడ యీకలు, ఫెజంటు తోక యీకలు, కుందేటిచెవి బొచ్చు, బాతుల ప్రక్కయీకలు. వాని నడుమ చిన్న చిన్న కండెలకు చుట్టిన వెండి, బంగారు, రాగి తళుకుపోగులు కొన్ని తప్పక యుండును. ఈకలకును బొచ్చునకును కారణము వెదుకనక్కఱలేదు. పురుగునకు ఱెక్కలున్నవి, కాళ్లున్నవి, నీటిలో తడిసి అల్లాడు నూగున్నది, వానికి ప్రతిరూపములుగా అవి వచ్చినవి. కాని పొట్టకు బంగారుతీగ చుట్టుకొని పుట్టు పురుగు ఏ దేశపు ఏటిలోను లేదు. లేని దానిని మనుష్యుడు గాలమునకు కట్టగా చేప దానినే విశేషముగా వరించుట ఏల, అట్లు కట్టదలచినవాడు ఏ పోగును ఏ నీటికి ఎన్నుకొనవలెను అను ప్రశ్నలు చూచుటకు చిన్నవిగా నున్నను, వాని వెంట నడచినచో కాంతి నడవడియు, లోహముల గుణములును, చేప చర్మపు నిర్మాణమును ఒక్కచోటికి వచ్చి చేరును.

క్రీస్తుశకము 200 ప్రాంతమున రోమను రచయిత ఈలియన్ మాసిడోనియా దేశపు జాలరులనుగూర్చి వ్రాయుచు, వారు గాలమునకు ఎఱ్ఱయున్ని చుట్టి, కోడిపుంజు గొంతుక్రింది యీకలను రెండింటిని అమర్చి, చుక్కలమేని చేపలను పట్టుచుండిరని చెప్పెను. అందు లోహపు ఊసు లేదు. ఐజాక్ వాల్టన్ రచించి 1653లో తొలిసారి వెలువరించి, పిమ్మటి ముద్రణలలో పెంచుచు వచ్చిన ప్రఖ్యాత గ్రంథమున మాత్రము ఒక చక్కని కృత్రిమ మత్స్యము వర్ణింపబడినది. నేర్పరియైన యొక స్త్రీ గుడ్డపై సూదిపనితో కుట్టిన చిఱుచేప అది: వీపు ముదురాకుపచ్చ పట్టు, ప్రక్కలకు దిగుకొలది ఆ పచ్చ పలుచనగుచు, కడుపున కొంత తెల్లపట్టు, కొంత వెండిదారము, కన్నులకు రెండు నల్లపూసలు. ఆ కుట్టుపనిలో వెండిదారమునకు కడుపుభాగమునే కేటాయించిన ఆమె చూపు మెచ్చదగినది. చేప యొడలిలో వెలుగు నివసించు చోటు అదియే.

ఈ తళుకుపోగు నిర్మాణము తెలుగు పాఠకునకు క్రొత్త గాదు. గద్వాల, ధర్మవరము, వెంకటగిరి చీరెల యంచులలో మెఱయు జరీ యెట్టిదో ఇదియు అట్టిదే. సూరతు నగరపు పనివారు వెండికడ్డీని అంతకంతకు సన్ననగు బెజ్జములగుండ లాగి, తలవెండ్రుకకంటె సన్నని తీగ చేసి, ఆ తీగను నున్నని ఉక్కురోలర్ల నడుమ రేకుగా నొత్తి, ఆ రేకును పట్టుదారముపై మెలిగా చుట్టి, బంగారుపూత వేయుదురు. ఫ్రాన్సున లియాన్ పట్టణము కేంద్రముగా వర్ధిల్లిన లోహతంతు పరిశ్రమలో సైనికాధికారుల భుజకీర్తులకును, చర్చి వస్త్రములకును తయారైన పోగులు ఇట్టివే. ఈగ గాలములవారు ఆ అంగళ్లనుండియే తమకు వలసినవి తెచ్చుకొనిరి. దారములేక ఉత్త రేకుగా నున్నది చదునుపోగు. దారముమీద రేకు చుట్టగా అడ్డుకోతలో కోడిగ్రుడ్డు ఆకారము వచ్చునది కోలపోగు. చదునుపోగుమీద అచ్చుతో గళ్లు నొక్కినది గళ్లపోగు. కోలపోగునొకదానిని భూతద్దముక్రింద పెట్టి చూచినచో, రేకు మెలికలు ఒకదానిప్రక్క నొకటి యొరసికొని, ప్రతి మెలికయు వంగిన చిన్న యద్దమై, మొత్తము పోగు వెలుగుచుక్కల వరుసగా కనబడును. చదునుపోగు అట్లుగాక ఒక్కటే గీతగా వెలుగును. ఈ భేదమును పాఠకుడు జ్ఞాపకముంచుకొనవలెను. ఎన్నికయంతయు దాదాపు దీనిమీదనే నిలిచియున్నది.

లోహపు తళుకునకు ఎంత లోహము కావలెను? ఈ ప్రశ్నను తోకచుక్క పేరుతో మనకు పరిచితుడైన ఎడ్మండ్ హాలీ 1691లో వేసికొనెను. వెండికడ్డీకి బంగారురేకు తొడిగి తీగ లాగునప్పుడు వెండితోపాటు బంగారమును సాగును. ఎంత సాగినను వెండి ఎచ్చటను బయటపడదు. బంగారపు తూకమును, తీగ పొడవును, మందమును లెక్కించి, ఆ బంగారుపొర మందము అంగుళములో లక్షవవంతుకంటెను తక్కువయని హాలీ తేల్చెను. పదార్థపు పరమాణువులు ఎంత చిన్నవై యుండవలెనో ఊహించుటకు ఆ లెక్కను ఆయన వాడుకొనెను. తీగ లాగు పనివాని చేతి నేర్పు అణుశాస్త్రపు శైశవమునకు ఈ విధముగా తోడ్పడినది. అంత పలుచని పొరయైనను సంపూర్ణముగ మెఱయుటకు హేతువు, లోహములోనికి చొచ్చిన కాంతి కొన్ని పదుల నానోమీటర్ల లోతుననే సమసిపోవుట. అంతకు మించిన మందము బలమునకు పనికివచ్చునే కాని మెఱుపునకు అక్కఱలేదు.

మఱి మెఱుపే కావలసినచో పట్టుదారము చాలదా, పట్టునకు మాత్రము జిగి లేదా అని యడుగవచ్చును. గాలిలో నున్నది; నీటిలో లేదు. పారదర్శకమైన పదార్థపు జిగి దానికిని దాని చుట్టునున్న మాధ్యమమునకును గల వక్రీభవన గుణకముల తేడానుబట్టి యుండును. పట్టు గుణకము సుమారు 1.55, గాలి 1, నీరు 1.33. లెక్క కట్టిచూడగా, నిలువుగా పడిన కాంతిలో గాలియందు పట్టు నూటికి దాదాపు 5 వంతులను త్రిప్పి పంపును. నీట ముంచిన పిమ్మట అది నూటికి 1 వంతైనను పంపజాలదు. అంగడిలో కన్నులు చెదరజేసిన పట్టు ఏటిలో చప్పబడుటకు కారణమిదియే. లోహము సంగతి వేఱు. వెండి గాలిలో నూటికి 95 వంతులకు పైగా త్రిప్పి పంపును. నీటిలో ఆ గుణమునకు వచ్చు లోటు లెక్కింపదగినది కాదు. నీటిలో మునిగియు మెఱుపు విడువనిది కావుననే లోహము గాలమునకు ఎక్కినది.

ఇక చేప. చేప వెండివలె మెఱయునే కాని దాని మేన వెండి లేదు, ఏ లోహమును లేదు. దాని చర్మమునను పొలుసుల యడుగునను గ్వానిన్ అను సేంద్రియ పదార్థపు పలుచని స్ఫటిక ఫలకములు దొంతరలుగా పేర్చబడియుండును. గ్వానిన్ వక్రీభవన గుణకము 1.83, ఫలకముల నడుమనున్న జీవద్రవ్యము గుణకము ఇంచుమించు నీటిదే. ఒక్క ఫలకము త్రిప్పి పంపు కాంతి స్వల్పము. కాని ఫలకముల మందము సుమారు 70 నానోమీటర్లై, నడిమి యెడములును తగినట్లున్నచో, ఒక్కొక్క పొరనుండి తిరిగివచ్చు తరంగములు ఒకదానితో నొకటి కలిసి బలపడి, అయిదు ఫలకముల దొంతరయే ఆకుపచ్చని కాంతిలో అయిదింట నాలుగువంతులకు పైగా త్రిప్పి పంపగలదు. పది యున్నచో లోహపుటద్దమును మించును.

ఇంగ్లండున ప్లిమత్ సముద్రజీవశాస్త్ర పరిశోధనాలయమున ఎరిక్ డెంటన్ ఈ ఫలకములను శ్రద్ధగా పరిశీలించి కనుగొనిన సంగతి మన ప్రస్తుత విషయమునకు ఆయువుపట్టు. చేప ప్రక్కలు గుండ్రముగా వంగియున్నను, ఫలకములు ఆ వంపును అనుసరింపవు. చేప సహజస్థితిలో నీదుచుండగా అవి దాదాపు నిట్టనిలువుగా నిలిచియుండును. నీటిలో వెలుగు పైనుండి దిగివచ్చునది మెండు, క్రిందినుండి వచ్చునది స్వల్పము. ప్రక్కలకు మాత్రము ఒక్క ఎత్తున ఏ వైపు చూచినను ఇంచుమించు ఒక్క తీరుగనే యుండును. కావున నిలువుటద్దమునందు చూచినవానికి ప్రతిఫలించునది వెనుకనున్న నీటివంటి నీరే. చేప యద్దము ధరించినది మెఱయుటకొఱకు కాదు, మఱుగుపడుటకొఱకు. అది ఒరిగినప్పుడు, దెబ్బతిని ప్రక్కకు వాలినప్పుడు, వెలుపలికి త్రుళ్లినప్పుడు మాత్రమే ఆ నిలువుటద్దములు పైవెలుగును పట్టి చిమ్మును; వేటచేప కన్ను ఆ క్షణికమైన మెఱుపునకు కాచుకొని యుండును.

ఇప్పుడు గాలపుకాడమీద చదునుపోగును చుట్టి చూడుడు. అది స్తంభాకారపు అద్దము. ప్రక్కనుండి చూచు ట్రౌట్ కంటికి దాని నడిమి భాగము చుట్టునున్న నీటిలో కలిసిపోవును. పైయంచు ఉపరితలమునుండి దిగు వెలుగును పట్టి ధగధగలాడును. క్రిందిభాగము ఏటియడుగును చూపి నల్లనగును. ఎట్లు త్రిప్పినను, ఏ తీరున ఈదించినను ఆ వెలుగుగీత తొలగదు. ఆరోగ్యవంతమైన చేప దాచుకొనగలిగిన దానిని ఈ కట్టుడుచేప దాచుకొనలేదు. తళుకుపోగు ఒరిగిన చేపను, తప్పటడుగు వేసిన చేపను అనుకరించుచున్నదని నా దృఢవిశ్వాసము. చిన్నచేపలను పోలిన గాలములు పెక్కు వెండిపోగును నిండుగా ధరించుటయు, పీటర్ రాస్, సిల్వర్ డాక్టర్, మిక్కీ ఫిన్ వంటి ప్రసిద్ధమైన కట్టుబడుల యొడలిలో పెద్దభాగము చదును వెండియే యగుటయు ఈ వివరణతో చక్కగా పొసగుచున్నవి.

పురుగులను పోలిన గాలములకు వేఱొక కారణము చెప్పవలెను. కుందేటిచెవి బొచ్చుమీద సన్నని బంగారుపోగును దూరదూరముగా చుట్టిన 'గోల్డ్ రిబ్డ్ హేర్స్ ఇయర్' అను గాలము ఇంగ్లండు తేటయేఱులలో అసాధారణముగా ఫలించినది. అయినను, ప్రతి గాలమును ఒకానొక సజీవ కీటకమునకు ఖచ్చితమైన ప్రతిరూపమై యుండవలెనని పట్టుపట్టిన ఫ్రెడరిక్ హాల్ఫర్డ్, ఇది దేనికి ప్రతిరూపమో చెప్పరాదను హేతువుచేత తన కడపటి పట్టికలో దీనికి చోటీయలేదు. శాస్త్రనిష్ఠకు ఆయనను గౌరవించుచునే, ఆయన కీటకమును పట్టుకొని చూచెనే కాని కీటకము నీటిలో నుండగా దానిపై నాడు కాంతిని చూడలేదని నేను చెప్పుదును. కొన్ని నీటి పురుగులు ప్యూపాదశలో పైకి లేచునప్పుడు వాని పైతొడుగు క్రింద గాలి నిండును. నీటినుండి గాలివైపు 48.6 డిగ్రీలకు మించిన వాలున పోవు కాంతి బయటికి పోజాలక సంపూర్ణముగ వెనుకకు మరలును. కావున నీటిలోని గాలిబుడగ యంచు పాదరసమువలె తళతళలాడును. అమెరికాలో గ్యారీ లఫోంటైన్ నీట మునిగి ఈ దృశ్యమును కన్నులార పరిశీలించి, 1981లో వెలువరించిన గ్రంథమున ఆంట్రాన్ అను మూడంచుల మెఱుపు నూలుతో ప్యూపాగాలములను కట్టి చూపెను. బొచ్చులోనుండి తొంగిచూచు సన్నని బంగారుపోగు ఆ బుడగయంచు వెలుగునే మఱియొక మార్గమున చూపుచున్నది.

కావున చేపను పోలుదానికి చదునుపోగు, పురుగును పోలుదానికి కోలపోగు లేక సన్ననితీగ అని స్థూలముగా చెప్పవచ్చును. కోలపోగు మెఱుపుచుక్కలుగా విఱిగిన వెలుగు, పొట్టపై కణుపులుగా విఱిగిన పురుగు రూపమునకు సహజముగా కుదురును. గళ్లపోగు ఈ రెంటికి నడిమిది. వెలుగును చెల్లాచెదరుగా చల్లును గాన కలకనీటికి బాగుండును, తేటనీటిలో అతిగా తోచును.

లోహపు వర్ణమునుగూర్చి వాదములు మెండు, నిర్ణయము సులభము. వెండి దృశ్యకాంతినంతను సమముగా త్రిప్పి పంపును. బంగారము ఎఱుపును పసుపును దాదాపు పూర్తిగా పంపి, నీలములో సగమునకు పైగా మ్రింగివేయును. రాగి మఱికొంత ముందుకు పోయి, ఎఱుపు నారింజలను ఉంచుకొని తక్కినవానిని తగ్గించును. పీట్ నేలలనుండి దిగివచ్చు స్కాట్లండు కొండయేఱులు తేనీటి రంగున నుండును. ఆ నీటిలో కరిగియున్న కుళ్లిన వృక్షపదార్థము నీలకాంతిని వడిగా హరించుటచే అందు మిగిలిన వెలుగు పసుపెఱుపులదే. వెండి యచట రంగులేనిదై యుండదు. ఉన్న వెలుగునే త్రిప్పి పంపుచు తానును బంగారువన్నె దాల్చును. బంగారమును రాగియు అచట వెలుగులో నేమియు నష్టపోవు. స్వచ్ఛమైన లోతునీటిలో కథ తలక్రిందులు: శుద్ధజలమే 650 నానోమీటర్ల ఎఱుపును 5 మీటర్ల లోతునకు అయిదవవంతునకు తగ్గించును గాన, సరస్సు లోతులలో రాగి మసకబారి వెండియొక్కటియే నిలుచును. పిల్లట్రౌట్ కన్ను మనకు కానరాని అతినీలలోహిత కాంతినిసైతము చూడగలదు; అందు వెండియు అల్యూమినియమును మెఱయును, బంగారము చాల వెనుకబడును. తేటనీటికిని ఎండవేళకును వెండి, తేనీటి రంగు నీటికి బంగారము లేక రాగి అను పాతవారి అనుభవవాక్యము ఈ లెక్కలతో ఎచ్చటను విరోధింపదు.

వెండికి ఒక్కటే శత్రువు, గంధకము. గాలిలో లేశమాత్రమున్న హైడ్రొజన్ సల్ఫైడు సోకి, వెండి రేకు పసుపుబాఱి, గోధుమవన్నె దాల్చి, తుదకు సిల్వర్ సల్ఫైడుగా నల్లబాఱును. రాగిపై వెండిపూత పూసిన చవుకరకములలో పూత యరిగినచోట రాగియు మాయును. దీనికి విఱుగుడుగా పూర్వులు పలుచని వార్నిష్ పూసిరి. 1946లో అమెరికాలోని డోబెక్మన్ కంపెనీ అల్యూమినియపు రేకును ప్లాస్టిక్ పొరల నడుమ నిమిడ్చి లూరెక్స్ అను పోగును తెచ్చెను. అటుపిమ్మట మైలార్ అను పాలియెస్టర్ పొరపై శూన్యపేటికలో అల్యూమినియమును ఆవిరిచేసి పేరుకొనజేయు పద్ధతి వచ్చి, కొన్ని పదుల నానోమీటర్ల లోహముతోనే నిండు తళుకు సిద్ధించినది. హాలీ తీగపై బంగారము దీనితో పోల్చిన మందమనవలెను. ఈ పోగు నల్లబాఱదు, చవుక, ఒకవైపు వెండిగాను మఱియొకవైపు బంగారుగాను ఒక్క కండెయే దొరకును. లోపము లేకపోలేదు: ట్రౌట్ పంటికి తెగును, బరువులేదు, గట్టిగ లాగిన సాగి రంగు విడుచును. ముత్తెపుచాయ గల పోగులలో లోహమే యుండదు. రెండు గుణకముల పారదర్శక ప్లాస్టిక్ పొరలు అనేకములు దొంతరయై చేప గ్వానిన్ ఫలకముల న్యాయముననే రంగులు చిమ్మును. చేపను అనుకరింపబూనిన మనుష్యుడు లోహమును విడిచి, తుదకు చేప పద్ధతికే వచ్చి చేరిన ఈ పరిణామము నాకు మిక్కిలి సంతోషము కలిగించును.

నా నిర్ణయము ఇది: యొడలంతయు చుట్టు చదునుపోగునకు మైలారు, పైన చుట్టు పట్టెకు లోహపు కోలపోగు. పట్టె ఉత్త అలంకారము గాదు. క్రిందనున్న పట్టును బొచ్చును చేపపండ్లనుండి అదియే కాపాడును, మెడయీకను యొడలిపొడవున చుట్టినప్పుడు దానికి ఎదురుదిశగా చుట్టిన పట్టె ప్రతి మెలికకడను ఈకకాడను బిగించి పట్టును. ఆ పనికి ప్లాస్టిక్ చాలదు.

కట్టుటలో చేతికి తెలియవలసిన మర్మములు కొన్ని కలవు. చదునుపోగు తన క్రిందనున్న గతుకునెల్ల బయటపెట్టును; కావున ముందుగా చదునైన పట్టుతో కాడను నున్నగా పఱచవలెను. పోగును గాలపు కంటికడ బిగించి, ఒకదానికొకటి తాకునట్లు చుట్టుచు వంపువఱకు పోయి, మరల అదే తీరున వెనుకకు వచ్చినచో, మొదటి వరుసలోని సందులను రెండవ వరుస కప్పును, ముడిగుబ్బయు తోకకడ లేచియుండదు. కోలపోగును బిగించునప్పుడు దాని కొసను కొంతమేర గోటితో ఒలిచి రేకును తీసివేసి, లోపలి దారమును మాత్రమే కట్టినచో గుబ్బ లేవదు, రేకంచు కట్టుదారమును కోయదు. సాల్మన్ గాలములకు అయిదు చుట్లు కనబడవలెనని సంప్రదాయము. చుట్లసంఖ్య మారదు గాన గాలము పెద్దదగుకొలది పోగు వెడల్పు పెరుగవలెను. 1850 ప్రాంతమున స్కాట్లండున పుట్టి, కట్టినవాని పేరనే వెలసిన జాక్ స్కాట్ గాలమున పసుపుపట్టు వెనుకసగమునకు సన్ననిపోగు, నల్లపట్టు ముందుసగమునకు వెడల్పుపోగు నిర్ణయింపబడినవి. ఒక్క యొడలిమీదనే నేలరంగునుబట్టి మెఱుపును తూచి వేసిన ఆ పనితనమునకు నేను తలవంచుదును.

ఎంత తళుకు చాలును? సాల్మన్ సముద్రమునుండి గ్రుడ్లుపెట్టుటకు ఏటిలోనికి వచ్చిన పిమ్మట ఆహారము ముట్టదు. గాలమును కఱచుట ఆకలిచే గాక ఉద్రేకముచేతనో, పాతయలవాటుచేతనో కావలెను గాన అచట కొంత ఆర్భాటము చెల్లును. తేటయేటి ట్రౌట్ నిత్యము తినుచు, నిత్యము చూచుచుండునది. దానికి బొచ్చుసందులలో కనబడి మాయమగు వెలుగే ఎక్కువ. ఱెక్కలో తళుకుపోగులు రెండు మూడు కలిపిన చాలునన్నచోట ఇరువది కలుపువారి గాలములు అంగడిలో మనుష్యులను పట్టుచున్నవి.

కొన్న పోగును దాచుకొనుటలోను ఈ శాస్త్రమే వర్తించును. లోహపు కండెలను రబ్బరుపట్టెలతో బిగించి యుంచరాదు. రబ్బరును గట్టిపఱచుటకు గంధకమునే కలుపుదురు. ఉన్నితోను కోడియీకలతోను ఒక్కపెట్టెలో కూర్చరాదు. వానిలోని కెరటిన్ గంధకము గలది. కాగితపు పొట్లమున చుట్టి, మూత బిగియు డబ్బాలో వేఱుగా ఉంచి, ఏడాదికొకసారి పైచుట్టును కొంత విప్పి చూడవలెను. పైచుట్టు మాసినను లోపలిచుట్లు తెల్లగనే యుండును గాన, మాసినంత కోసివేసి తక్కినది వాడుకొనవచ్చును.